దగ్గు విని చెప్పేవాడు

ఊపిరితిత్తుల పరీక్ష చేసే గదిలో ఒక అమ్మాయి నా ముక్కుకి క్లిప్పు బిగించి, నోట్లో అట్టగొట్టం పెట్టి, "జోర్ సే ఫూంకో దీదీ, ఔర్, ఔర్, ఔర్..." అని పక్కన నిలబడి అరిచింది. మూడుసార్లు ఊదాను. మూడోసారికి కళ్ళ ముందు మిణుగురులు తిరిగాయి. తెర మీద గీత చూసి ఆమె తల ఊపింది. నాలుగేళ్ళుగా నా గీత అక్కడే ఉంది. పైకి లేవలేదు, కిందికి జారలేదు.

ఫైలు మూస్తూ హిందీలో అడిగింది, డీజిల్ షెడ్డుల్లో పనిచేసినవాళ్ళు మెట్లెక్కలేని స్థితికి వచ్చాకే ఇక్కడికి వస్తారు, మీరు అంత ముందే ఎలా వచ్చారు, ఏ డాక్టరు పంపాడు అని.

"డాక్టరు కాదు. ఒకాయన విని చెప్పాడు," అన్నాను.

"విని అంటే? స్టెతస్కోప్‌తోనా?"

"కాదు. చెవితో."

ఆ అమ్మాయి నవ్వింది. నేను నవ్వలేకపోయాను. బయట బెంచీ మీద కూర్చుని ఆయాసం తీర్చుకుంటుంటే, చెవి వెనక నల్లటి కాయ ఉన్న ఆ మనిషి నా పక్కనే కూర్చున్నట్టు అనిపించింది. ఆయన పోయి రెండేళ్ళయింది.

ఆయన పేరు రాయను. అసలు నాకే ఆలోచిస్తే గాని గుర్తురాదు. తెలుగువాళ్ళం మావయ్య అనేవాళ్ళం, మిగతావాళ్ళు మామాజీ అనేవాళ్ళు. హాజరు పట్టీలో ఉన్న పేరుతో ఎవరైనా పిలిస్తే, ఇంకెవరినో అనుకుని ఆయనే వెనక్కి తిరిగి చూసేవాడు. మేం పనిచేసిన పవర్ హౌస్ పేరూ చెప్పను. ఇప్పుడది లేదు. పోర్ట్ బ్లెయిర్ ఊరి అంచున, ఖాడీ అనే సముద్రపు పాయ ఒడ్డున, ఒక కాంట్రాక్టరు నడిపిన డీజిల్ షెడ్డు. నాలుగు ఇంజిన్లు. ఓడలో నూనె వస్తే మేం కాల్చేవాళ్ళం, ఊళ్ళో ఫ్యాన్లు తిరిగేవి. మూడు షిఫ్టులు, పొద్దున్న ఆరు, మధ్యాహ్నం రెండు, రాత్రి పది. నేను డిగ్నాబాద్‌లో పుట్టి పెరిగినదాన్ని. ఐటీఐ చదివి కంట్రోల్ రూములో లాగ్ రాసే పనికి చేరాను. గంటకోసారి ఇంజిన్ హాల్లోకి వెళ్ళి ఒత్తిడి ఎంత, వేడి ఎంత అని చూసొచ్చి గీతలు కొట్టిన కాగితం మీద రాయాలి.

చేరిన మొదటి రోజే ఆయన్ని చూశాను. పొట్టి మనిషి, ఖాకీ చొక్కా, మెళ్ళో తువ్వాలు. మూడో ఇంజిన్ పక్కన గొంతుక్కూర్చుని, పొడవాటి స్క్రూడ్రైవరు మొనని దాని ఒంటికి ఆనించి, పిడిని తన చెవి వెనక ఎముకకి నొక్కి, కళ్ళు మూసుకుని ఉన్నాడు. ఏళ్ళ తరబడి అలా నొక్కగా నొక్కగా అక్కడ చర్మం కాయ కాసింది, నమాజు చేసేవాళ్ళ నుదుటి మీద పడే మచ్చలాగ. నేను రీడింగు రాసుకుని వెళ్ళబోతుంటే కళ్ళు తెరిచాడు.

"రెండో సిలిండరు ఏడుస్తంది. రాసుకో తల్లీ," అన్నాడు.

ఏడుస్తోందని లాగ్‌లో ఎలా రాయాలో నాకు తెలియలేదు. సాయంత్రం మెకానిక్కులు విప్పితే రెండో సిలిండరులోనే ఇంజెక్టరు కారుతోంది.

చిత్రమేమిటంటే ఆయనకి మాటలు సగం వినపడవు. ఆ హోరులో ఇరవై ఏళ్ళు పైగా ఉన్నవాడు. ఎవరు మాట్లాడినా పెదాలు చూసేవాడు. వెనక నుంచి పిలిస్తే పలికేవాడు కాదు. కానీ ఇనుము లోపల ఏం జరుగుతోందో ఆయనకి ఎముక గుండా తెలిసిపోయేది. "ఇంజిను అబద్ధం సెప్పదు. మనిసే సెప్తాడు," అనేవాడు.

షిఫ్టు దిగేటప్పుడు ఆయనకి రెండు అలవాట్లు. పంపు దగ్గర ముఖం కడుక్కుని, తెల్ల జేబురుమాల్లో ముక్కు చీది, దాన్ని వెలుతురుకి ఎత్తి పట్టుకుని చదివేవాడు. నిజంగా చదువుతున్నట్టే ఉండేది. "ఏం రాసుంది మావయ్యా?" అని వేళాకోళం ఆడితే, "మూడు నల్లగీతలున్నాయి. నిన్న రెండే," అని మడిచి జేబులో పెట్టుకునేవాడు. రెండోది, దిగిపోతున్న ప్రతి మనిషి చేతిలో ఒక బెల్లం ముక్క పెట్టడం. బెల్లం పొగని కడిగేస్తుందని అందరూ నమ్మేవాళ్ళు. ఆయన నమ్మలేదు. "బెల్లం ఏటీ కడగదు. నోట్లో తీపుంటే మనిసి ఇంటికెల్లి పెళ్ళాన్ని తిట్టడు, అంతే," అన్నాడు ఒకసారి.

ఆ పొగ గురించి చెప్పాలి. మొదటి వారం తలనొప్పి. తర్వాత అన్నంలో, దిండులో, జుట్టులో డీజిల్ వాసన. తర్వాత వాసన పోయింది. పోయింది వాసన కాదు, ముక్కు. పాత ఇంజిన్లు కాబట్టి పొగగొట్టాల అతుకుల దగ్గర కారేది. రేకుల షెడ్డులో కంటికి కనపడనంత సన్నగా తిరుగుతూ ఉండేది. నైరుతి గాలి వీచే నెలల్లో పొట్టి పొగగొట్టం లోంచి పోయిన పొగ కూడా వెనక్కే వచ్చేది. షెడ్డు వెనక కొందరు పనివాళ్ళు ఉండడానికి ఆరు గదుల వరస ఉంది. లైన్ గదులు అనేవాళ్ళం. వాన పడితే ఆ గదుల చూరు నుంచి నల్లనీళ్ళు కారేవి. రాత్రంతా ఇంజిన్ల మధ్య పొగ పీల్చినవాళ్ళు పగలు కిటికీలు మూసుకుని మళ్ళీ ఆ పొగలోనే పడుకునేవాళ్ళు. "మనకి డ్యూటీ ఎనిమిది గంటలు. పొగకి డ్యూటీ దిగీది నేదు," అనేవాడాయన.

ఆయన మనుషుల్ని ఎప్పటి నుంచి వినడం మొదలుపెట్టాడో నాకు తెలియదు. నేను చూసింది మాత్రం ఒక మధ్యాహ్నం రెండు గంటలకి, షిఫ్టు మారే వేళ, టీ దగ్గర. మాయాబందర్ వైపు నుంచి వచ్చిన ఒక బెంగాలీ ఆయన మాతో ఉండేవాడు. దాదా అనేవాళ్ళం. వయసులో ఉండగా సముద్రంలో మునిగి గవ్వలు తీసినవాడు. రెండు నిమిషాలు ఊపిరి బిగబట్టి పందేలు గెలిచానని చెప్పుకునేవాడు. ఆ రోజు టీ తాగుతూ చిన్నగా దగ్గాడు. అందరం దగ్గేవాళ్ళమే, ఎవరూ పట్టించుకోలేదు. మావయ్య మాత్రం గ్లాసు కింద పెట్టాడు.

"దాదా, ఫిర్ ఏక్ బార్ ఖాఁసో," అన్నాడు. ఇంకోసారి దగ్గమని.

దాదా నవ్వి దగ్గాడు. మావయ్య లేచి వెళ్ళి ఆయన వీపు మీద అరచెయ్యి పెట్టాడు. ఇంజిన్ దగ్గర మూసినట్టే కళ్ళు మూశాడు. చాలాసేపు పట్టింది. నేను ఆయన ముఖమే చూస్తున్నాను. రంగు పోయింది.

"క్యా సునా మామాజీ?" అని, ఏం వినపడిందని అడిగాడు దాదా.

"కుఛ్ నహీ దాదా. ఏం లేదు. చాయ్ కమ్ కరో," అని టీ తగ్గించమన్నాడు మావయ్య, చెయ్యి తీసేస్తూ.

అందరూ నవ్వారు. దాదా ఇంకో టీ అడిగాడు. మావయ్య మాత్రం ఆ రోజు ఎవరికీ బెల్లం పెట్టకుండా వెళ్ళిపోయాడు.

మూడు నెలలు కాలేదు, దాదాని పడకకుర్చీలో కూర్చోబెట్టి కలకత్తా ఓడ ఎక్కించారు. రెండో నెలలో పోయాడని కబురొచ్చింది. లైన్ గదుల్లో అయిదోది ఆయనది. చుట్టాలెవరూ సామాను కోసం రాకపోవడంతో, వెళ్ళేటప్పుడు ఆయన వేసుకున్న తాళమే అలా వేలాడుతూ ఉండిపోయింది.

ఆ గది దగ్గర జరిగింది ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.

మావయ్య ఇల్లు ఆస్టినాబాద్‌లో. కానీ నైట్ డ్యూటీ వారాల్లో ఇంటికి పోకుండా లైన్ గదుల్లోనే పడుకునేవాడు. ఇంట్లో చప్పుడు ఉండదు, నిద్ర రాదు అనేవాడు. ఒక పొద్దున్న పదకొండు గంటలకి, ఆయన సంతకం మర్చిపోయిన కాగితం పట్టుకుని నేను అక్కడికి వెళ్ళాను. ఎండ చర్రుమంటోంది. ఖాడీ నీళ్ళు కదలడం లేదు. ఆరు గదుల తలుపులూ మూసి ఉన్నాయి. వెలుతురు రాకుండా కిటికీ అద్దాలకి లోపల నుంచి నల్లరంగు పూశారు. పట్టపగలు ఊరంతా తిరుగుతుంటే ఇక్కడ మనుషులు చీకటి చేసుకుని పడుకున్నారు. మావయ్య బయట, బోర్లించిన నూనె పీపా మీద కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి వేలు పెదాల మీద పెట్టుకున్నాడు.

లోపల ఎవరో దగ్గారు.

"రెండో గది," అన్నాడు నెమ్మదిగా. "పొడి దగ్గు. కొత్తవాడు. భయం నేదు."

కాసేపటికి ఇంకొకటి. "మొదటి గది. ఇది రాత్రి కంటే పగలే ఎక్కువ." తర్వాత ఇంకొకటి. "ఆరు. ఈడు బీడీ మానీలేదు."

ఒకరి తర్వాత ఒకరు నిద్రలో దగ్గుతున్నారు. ఒకరు ఆగితే ఇంకొకరు అందుకుంటున్నారు. ముందే మాట్లాడుకుని వంతులు వేసుకున్నట్టు. ఆయన పీపా మీద కూర్చుని ఒక్కొక్కరినీ గుర్తుపడుతున్నాడు. మాటలు వినపడని మనిషికి ఇవెలా వినపడుతున్నాయని అప్పుడు తట్టలేదు. ఆయన వీపు గోడకి ఆనించి ఉన్నాడని తర్వాత గుర్తొచ్చింది.

అప్పుడు ఇంకో దగ్గు వినిపించింది. లోతుగా, నీళ్ళ అడుగు నుంచి వచ్చినట్టుగా. రెండుసార్లు.

ఆయన ఏ గదో చెప్పలేదు.

"ఇదెవరు మావయ్యా?"

ఆయన అయిదో గది తాళం వైపు చూశాడు. నేనూ చూశాను. తుప్పు పట్టిన తాళం, దాని మీద మసి. పక్క గది దగ్గు గోడకి కొట్టుకుని ఖాళీ గదిలో మోగి ఉండొచ్చు. అలాగే అనుకుంటాను, ఈనాటికీ. కానీ అది నా చెవులతో విన్నాను.

"ఆడికి అబద్ధం సెప్పీశాను తల్లీ," అన్నాడు మావయ్య. "ఆ రోజు నాకు తెలిసిపోనాది. ఏం లేదని సెప్పీశాను. నిజం సెప్పీదాకా ఆడు దగ్గుతానే ఉంటాడు."

ఆ మాట తర్వాత నాకు పగలు నిద్ర పట్టడం మానేసింది. ఇంట్లో పడుకుని నా దగ్గుని నేనే వినేదాన్ని. అప్పటికి అయిదేళ్ళ సర్వీసు. పొద్దున్న లేవగానే గొంతులో చిక్కటి నల్ల కళ్ళె. మెట్లెక్కితే గుండె చెవుల్లో కొట్టుకునేది. వారం తర్వాత మధ్యాహ్నం షిఫ్టులో కంట్రోల్ రూముకి ఆయన వస్తే అడిగేశాను, నన్ను వినమని.

"వద్దు," అన్నాడు.

"ఎందుకు వద్దు?"

"వింటే సెప్పాలి."

బతిమాలాను. చివరికి నా బల్ల మీద ఉన్న చెక్క స్కేలు తీశాడు, లాగ్ కాగితాలకి గీతలు కొట్టేది. గోడ వైపు తిరిగి నిలబడమన్నాడు. స్కేలు ఒక కొన నా వీపు మీద ఆనింది. రెండో కొన తన చెవి వెనక కాయకి ఆనించుకుని ఉంటాడు, నేను చూడలేదు. "ఊపిరి తియ్. ఆపు. వదులు," అన్నాడు. స్కేలు కొద్దిగా కిందికి జరిగింది. మళ్ళీ తియ్యమన్నాడు. గాజుపలక అవతల నాలుగు ఇంజిన్లూ ఊగుతున్నాయి, నేల వణుకుతోంది. ఆ వణుకులో నా లోపలి చప్పుడు ఒక మనిషి వెతుకుతున్నాడు.

"ఎడమపక్క బాగుంది. కుడిపక్క అడుగున చిన్న చప్పుడుంది. తడి గుడ్డ మీద ఇసక పోసినట్టు. ఇప్పుడెల్లిపోతే అక్కడే ఆగిపోద్ది. ఇంకో రెండేళ్ళుంటే నేను సెప్పక్కర్నేదు, నీకే వినపడతాది," అన్నాడు.

నాకు ఏడుపు రాలేదు. కోపం వచ్చి ఆయన వైపు తిరిగాను. నాన్న చూపు పోయి ఇంట్లో కూర్చున్నాడు. తమ్ముడు చదువుతున్నాడు. వెళ్ళిపో అనడం ఎంత తేలిక!

"ఎల్లిపో అంటే ఎక్కడికెళ్ళాలి? ఇల్లెలా నడుస్తుంది? దాదాకి చెప్పినట్టు నాకూ ఏం లేదని చెప్పి ఉండాల్సింది. మీ నోట్లోంచి ఆ మాట తేలిగ్గానే వస్తుంది కదా!" అన్నాను.

అనకూడని మాట. పెదాలు చూసేవాడు కదా, ఒక్క అక్షరం కూడా తప్పిపోలేదు ఆయనకి. స్కేలు బల్ల మీద తిన్నగా పెట్టి బయటికి వెళ్ళిపోయాడు.

మర్నాటి నుంచి నా నైట్ డ్యూటీలన్నీ ఆయన అడిగి మరీ రాయించుకున్నాడు. ఇంజిన్ హాల్లో తన డ్యూటీ, కంట్రోల్ రూములో నా డ్యూటీ, రెండూ తిరిగేవాడు. నాకు పగటి షిఫ్టులు వచ్చాయి. వద్దని చెబుదామంటే నావైపు చూసేవాడు కాదు, చూడకపోతే వినపడదు. అదే వారం ఇంటి నుంచి ఒక తెల్ల దుప్పటి తెచ్చుకున్నాడు. వాళ్ళావిడ, నేను అత్తయ్య అనేదాన్ని, అబర్డీన్ బజార్లో కొన్న కొత్త దుప్పటి. హాల్లో మూడో ఇంజిన్ పొగగొట్టం ఎదురుగా ఆయన కూర్చునే స్టూలు ఉంటుంది. దాని వెనక గోడకి దుప్పటిని మేకులతో కొట్టాడు. డ్యూటీ ఎక్కగానే నీళ్ళు చల్లి తడిపి, దానికి వీపు ఆనించి కూర్చునేవాడు. ఎవరైనా అడిగితే, "నడుం నొప్పి," అనేవాడు. పదిహేను డ్యూటీలు అలాగే, అదే చోట, అదే కూర్చోవడం. స్టూలు కాళ్ళ చుట్టూ సుద్దముక్కతో గీత గీసుకున్నాడు, జరగకుండా.

పదహారో రోజు పొద్దున్న నన్ను పిలిచాడు. "నువ్వు లాగ్ రాసీదానివి. సూసింది రాసీదానివి. నాతో రా," అన్నాడు. చేతిలో దుప్పటి మడత ఉంది. ఇద్దరం ఇంజినీరు సార్ గదికి వెళ్ళాం. సార్ చెడ్డవాడేం కాదు. మా అర్జీలన్నీ తీసుకుని పైకి పంపేవాడు, పై నుంచి ఏమీ వచ్చేది కాదు. మావయ్య బల్ల మీది ఫైళ్ళు పక్కకి జరిపి దుప్పటి పరిచాడు. అది బల్ల నిండి రెండు వైపులా నేలకి జారింది.

దుప్పటి అంతా బూడిదరంగు. పై అంచున నలుపు. మధ్యలో మాత్రం తెల్లగా ఒక మనిషి కూర్చుని ఉన్నాడు. తల, భుజాలు, నడుము. కూర్చున్న మనిషి లేచిపోతే వాడి తెలుపు అక్కడే మిగిలినట్టు. నాకు చప్పున దాదా గుర్తొచ్చాడు.

"యే క్యా హై మామాజీ?" అన్నాడు సార్, కుర్చీ వెనక్కి జరుపుకుని.

"ఇది నేను సార్," అన్నాడు మావయ్య. తెల్లటి చోట అరచెయ్యి పెట్టాడు. "చుట్టూరా పడింది దుప్పటి మీద పడింది. ఇక్కడ పడాల్సింది ఎక్కడికెళ్ళింది? మేరే అందర్ గయా. నా లోపలికెల్లింది. నేను ముసిలోడ్ని, సరే. ఈ స్టూలు మీద రేపు ఇంకోడు కూకుంటాడు."

సార్ చాలాసేపు ఆ బొమ్మనే చూశాడు. తర్వాత రుమాలు నోటికి అడ్డం పెట్టుకున్నాడు. ఆయన దగ్గడం నేను అదే మొదటిసారి చూడడం. మావయ్య కళ్ళు మూసుకోబోయి ఆగి, తల తిప్పుకున్నాడు. ఆ దగ్గు వినదలచుకోలేదు.

ఆ దుప్పటి పైకి వెళ్ళింది. ఎంత పైకో తెలియదు గాని, ఆరు వారాల్లో పొగగొట్టాల అతుకులు మార్చారు, గొట్టం ఎత్తు పెంచారు, లైన్ గదులు ఖాళీ చేయించి ఊళ్ళోకి మార్చారు. అయిదో గది తాళం పగలగొట్టినప్పుడు మావయ్య లోపలికి వెళ్ళి, తలుపు వేసుకుని కాసేపు ఉన్నాడు. ఏదో మాట్లాడుతున్నట్టు బయటికి వినిపించింది.

అందరికీ ఊపిరి పరీక్షలు పెట్టించారు. నా కాగితం మీద కుడిపక్క అడుగున అనే రాశారు. డాక్టరు ఇప్పుడే పట్టుకున్నాం, పొగకి దూరంగా ఉంటే ఇంతటితో ఆగుతుందన్నారు. నిద్ర చెడిన ఒంటికి పొగని బయటికి నెట్టే ఓపిక ఉండదని, నైట్లు కూడా వద్దన్నారు. నన్ను స్టోర్స్‌లో పగటి పనికి మార్చారు. మావయ్య గొట్టం ఊదినప్పుడు గీత లేవనే లేదు. మూడు క్షణాలు కూడా ఊదలేకపోయాడు. కాగితం మీద అన్‌ఫిట్ అని ముద్ర వేసి ఇచ్చారు. పర్మనెంటు ఉద్యోగం కాదు, ఆ ముద్రతో అయిపోయింది. తన దుప్పటి వల్ల వచ్చిన పరీక్షే తనని పంపించేసింది.

"మీకు ముందే తెలుసు కదా మావయ్యా," అన్నాను గేటు దగ్గర, ఏడుస్తూ. "పరీక్ష పెడితే మీరే మొదట పోతారని."

"మిసను మంచిదే. అబద్ధం సెప్పలేదు," అని నా చేతిలో బెల్లం ముక్క పెట్టాడు.

ఆ తర్వాత రెండేళ్ళకి తక్కువే బతికాడు. నెలకోసారి ఆస్టినాబాద్ వెళ్ళేదాన్ని. పడుకుంటే ఊపిరాడదు కాబట్టి రాత్రీ పగలూ దిండ్లకి ఆనుకుని కూర్చునే ఉండేవాడు. కానీ ఊపిరి కంటే నిద్ర ఎక్కువ బాధపెట్టింది. నిశ్శబ్దంగా ఉంటే ఉలిక్కిపడి లేచేవాడు, ఇంజిను ఆగిపోయిందని. ఇంటి చుట్టూ పోకచెట్లు, పక్షులు, ఎంత హాయైన చోటు! ఆ హాయి ఆయన్ని చంపుకు తినేది. అత్తయ్య పెరట్లో ఉన్న నీళ్ళ మోటారుని, నీళ్ళు అక్కర్లేకపోయినా, మధ్యాహ్నం ఒక గంట వేసేది. ఆ గంట ఆయన పసిపిల్లాడిలా నిద్రపోయేవాడు. ఆపగానే కళ్ళు తెరిచేవాడు.

ఒక రోజు నేను కూర్చుని ఉండగా పైన తిరుగుతున్న ఫ్యాను వైపు చూసి, "మూడోది పడిపోతంది," అన్నాడు.

"మూడో ఇంజిను లేదు మావయ్యా. షెడ్డు మూసేశారు కదా. మొన్ననే దాన్ని బార్జ్ పడవ ఎక్కించి తీసుకుపోయారు."

"ఎక్కడికి తీసుకుపోతే ఏటి? తిరగతంది కదా," అన్నాడు. ఆ మాట పూర్తవుతూనే ఫ్యాను నెమ్మదించింది. లైటు ఎర్రబడి ఆరిపోయింది. కరెంటు తగ్గితే ఫ్యాను హోరు ముందే మారుతుంది, తెలిసినవాళ్ళకి తెలుస్తుంది. నాకూ తెలుసు. అయినా ఆ నిశ్శబ్దంలో ఆయన ముఖం చూడలేక, ఏదో పని ఉన్నట్టు వంటింట్లోకి వెళ్ళిపోయాను.

ఆయన పోయింది ఒక మధ్యాహ్నం. అత్తయ్య రోజూలాగే మోటారు వేసింది. గంట తర్వాత వచ్చి ఆపింది. ఆపి, ఆయన కళ్ళు తెరుస్తాడని గుమ్మంలో నిలబడింది. తెరవలేదు. అంతే. ఎప్పుడు పోయాడో తెలియదని, ఆ చప్పుడులో ఎప్పుడో పోయాడని, ఆమె నాతో చెప్పింది.

పదకొండో రోజు భోజనాలకి షెడ్డు వాళ్ళు వచ్చారు. పాత షెడ్డు మూశాక అందరూ చెల్లాచెదురై వేరే వేరే చోట్ల షిఫ్టులు చేస్తున్నారు. అయినా డ్యూటీ దిగి తిన్నగా వచ్చారు, ఖాకీ చొక్కాలతో, కళ్ళ చుట్టూ మసితో. పదిమంది దాకా ఉంటారు. వసారాలో చాప మీద వరసగా కూర్చున్నారు. కాసేపటికి నాకేదో తేడాగా అనిపించింది. ఏమిటో వెంటనే తెలియలేదు. తర్వాత తెలిసింది. ఒక్కరూ దగ్గడం లేదు.

ఒకతని మెడలో నరాలు ఉబ్బి ఉన్నాయి. ఇంకొకతను తువ్వాలు ఉండచుట్టి నోటికి నొక్కుకున్నాడు. ఒక పెద్ద వయసాయన కళ్ళ నీళ్ళు కారుతున్నా గుటకలు మింగుతూ నేలకేసి చూస్తున్నాడు. మావయ్య ఇంట్లో, ఆయన ఫోటో ముందు, వినపడకూడదని అందరూ బిగబట్టుకున్నారు. గంటసేపు అలాగే ఉన్నారు. తిన్నారు, చేతులు కడుక్కున్నారు, అత్తయ్యకి దణ్ణాలు పెట్టి ఒకరి వెనక ఒకరు దిగి వెళ్ళారు.

రోడ్డు మలుపు తిరిగి కనుమరుగయ్యాక మొదలైంది. ముందు ఒక్కరు. తర్వాత ఇద్దరు. తర్వాత అందరూ ఒక్కసారిగా. పోకచెట్ల అవతల నుంచి, మనుషులెవరూ కనపడకుండా, ఆ దగ్గులు మాత్రం వస్తూనే ఉన్నాయి. చాలాసేపటికి గాని ఆగలేదు.

ఎంగిలి విస్తళ్ళు తీస్తున్న అత్తయ్య, ఉన్నచోటనే వంగినట్టే నిలబడి అంతా వింది. తర్వాత నావైపు చూసింది. నేను కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఎంతసేపైందో నాకే తెలియదు.

"నువ్వెందుకమ్మా బిగపట్టుకుంటావు?" అంది. "దగ్గు. ఈ ఇంటికి అలవాటే."

కొంగు తీసి, ఆయన ఫోటో ముందే నిలబడి దగ్గాను.